పలక నుంచి ట్యాబ్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో విద్యార్థి చేతి పరికరంతో పాఠం చెప్పడం కొత్త కాదు. పాతకాలపు వీధిబడుల్లో పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. చేయి తిరిగాక పలక, ఆపైన తాటాకు, గంటం వచ్చేవి. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 నాటి నివేదికలో తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల్లో ఇలాంటి బోధననే వర్ణించాడు. చదువులో ముందున్న పిల్లలే వెనకున్నవారికి నేర్పేవారు. దాంతో ఒక్క పంతులే భిన్న స్థాయుల పిల్లలను నడపగలిగేవాడు.

తర్వాత అచ్చుపుస్తకం, నోటుపుస్తకం ఆ చోటు తీసుకున్నాయి.

2020లో కొవిడ్ వల్ల బడులు మూతపడ్డాక ఇంటి ఫోనే తరగతి గది అయింది. ఫోన్ లేని పిల్లలకు దూరదర్శన్ పాఠాలు ఆధారమయ్యాయి. 2017లో మొదలైన ‘దీక్షా’ అనే డిజిటల్ బోధన వేదికపై ‘నిష్ఠ’ పేరిట ఉపాధ్యాయుల శిక్షణ కూడా సాగింది.

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. ఇంటర్నెట్ లేకున్నా నడిచేలా పాఠాలను ముందే నింపారు. సిగ్నల్ సరిగా అందని మన్యం ఊళ్లకు ఇది ముఖ్యం. ట్యాబ్‌లు ఇచ్చినా, 2023లో విద్యార్థులు బడికి సొంత ఫోన్లు తేవడాన్ని నిషేధించారు; ఉపాధ్యాయుల ఫోన్ల వాడకంపైనా ఆంక్షలు పెట్టారు.