అన్నసత్రము – పూటకూళ్ల యిల్లు



మా ఆనందపురము విశాఖపట్టణమునకు ఉత్తరమున, భీమునిపట్టణము, పెందుర్తి, శ్రీకాకుళము త్రోవలు కలిసికొను కూడలి. తెల్లవారుజామున పూలబుట్టలతో వచ్చు రైతులును, బండ్లు తోలువారును ఇచ్చట ముందుగా వెదకునది ఇంత వేడి ఆహారము. పరుల యాకలి తీర్ప పొయ్యి వెలిగించు పద్ధతులు మన దేశమున రెండు కలవు. వెల గొనక పెట్టునది అన్నసత్రము. వెల గొని పెట్టునది పూటకూళ్ల యిల్లు. మొదటిదానికి చేతులు జోడింతుము. రెండవదానిని చిన్నచూపు చూతుము. ఈ భేదము న్యాయమా యని నేడు విచారింతము.

అన్నదానమనగానే మనకు స్ఫురించు పేరు డొక్కా సీతమ్మగారిది. ఆమె 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలైనది. ఆ సీమ గోదావరి పాయల నడుమ నున్నది. రేవు దాటుట యాలస్యమైనచో బాటసారికి పూట తప్పెడిది. అట్టివారు ఏ వేళ తలుపు తట్టినను కులమడుగక వండి వడ్డించిన తల్లి ఆమె. 1909లో ఆమె పరమపదించినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది.

ఇక పూటకూళ్ల మాట. కాకతీయుల యోరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున ఒక్క రూకకు కమ్మని భోజనము దొరకిన యిల్లు కానవచ్చును. అన్నవిక్రయము తగదని స్మృతులు నిందించినను, నగరములు పెరిగినకొలది ఆ వృత్తియు పెరిగినది. మనకు చేరువనున్న విజయనగరపు పూటకూళ్లమ్మను గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున చిత్రించిరి. ఆమెను చూచి మనము నవ్వుదుము. కాని ఒక్కటి తలపవలెను. 1937 నాటి చట్టము వచ్చువరకు ఉమ్మడి కుటుంబమున విధవకు భర్త భాగము సంక్రమించెడిది కాదు. పోషణము మాత్రమే దక్కెడిది. ఆస్తి లేని స్త్రీకి చేతివంటయే ఆస్తి. దానితో బ్రదుకుట తప్పెట్లగును?

మూడవ పద్ధతి యొకటి మన తాతల కాలమున మొలకెత్తినది. 1920లో చెన్నపట్టణపు నగరపాలక సంస్థ, పిట్టి త్యాగరాయ చెట్టిగారి యధ్యక్షతన, పేదపిల్లలకు బడిలో అన్నము పెట్ట నిశ్చయించినది. బిడ్డ యొక్కంటికి దినమునకు అణా మించరాదని నియమము. బడిలో చేరు పిల్లల సంఖ్య పెరిగినది. కాని విద్యానిధినుండి ఆ ఖర్చు పెట్టరాదని దొరతనమువా రడ్డగింపగా అది కొలది యేండ్లకే ఆగినది. మరల 2001లో సర్వోన్నత న్యాయస్థానము బడులలో వండిన యన్నమే పెట్టవలెనని శాసించెను. 2003లో మన రాష్ట్రమున నది మొదలయ్యెను. వంట మహిళాసంఘముల చేతికి వచ్చెను.

అప్పుడు నేనును బడిపంతులనే. వంటగది లేదు, వేపచెట్టు క్రింద మూడు రాళ్లు పెట్టి స్త్రీలు వండెడివారు. పిల్లలందరు ఒకే పంక్తిని కూర్చుండెడివారు. నేను మాత్రము ఇంటినుండి గిన్నె తెచ్చుకొని గదిలో తినెడివాడను. తిన్నవారి లెక్క వ్రాసి సంతకము చేయుటతో నా పని తీరినదని తలచెడివాడను.

ఒక యేడు వారికి రావలసిన సొమ్ము నెలల తరబడి రాలేదు. పప్పు, నూనె అరువిచ్చు కొట్టువాడు ఇక నియ్యననెను. అయినను ఒక్క పూటయు గుండిగ దిగకుండ లేదు. కొన్నాళ్లకు సంఘపు పెద్దామె చెవులకు దిద్దులు లేకుండుట చూచి, ఏమమ్మా యని యడిగితిని. “తాకట్టు పెట్టినాను బాబూ. పిల్లలు కంచాలు పట్టుకొని నిలబడితే బిల్లు రాలేదని చెప్పగలమా?” అనెను. ఆమెయే తెల్లవారుజామున కూడలిలో ఇడ్డెనలమ్మెడిది. ఆ డబ్బుతోనే క్రమముగా దిద్దులు విడిపించుకొనెను. వెలకు అమ్మిన ఇడ్డెనలే వెల లేని యన్నమును నిలువబెట్టినవి. అన్నవిక్రయ దోషమును గూర్చి నేను చదివిన శ్లోకములన్నియు ఆనాడు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఒక్కటియు నోట రాలేదు. ఆ మధ్యాహ్నము కంచము పట్టుకొని పిల్లల పంక్తిని కూర్చుంటిని. ఆమె ఏమియు ననక వడ్డించినది.

పెద్దలారా! సీతమ్మగారికి వెనుక పంటపొలము కలదు. ఈ స్త్రీలకు వెనుక నున్నది అప్పు. కావున మీ యూరి బడికి ఒకసారి పోయి చూడుడు. వంటకు నీడ యున్నదా, మంచినీరున్నదా, వండినవారికి సొమ్ము వేళకు ముట్టుచున్నదా యని యడుగుడు. మీరు అడిగినచో సమాధానము చెప్పవలసినవారు చెప్పుదురు. ఆమె యొక్కతెయే అడిగినచో వినువారు తక్కువ. కూడలిలో ఇడ్డెనలమ్ము నామెను తేలికగా పలుకరింపకుడు. గుడిలో సంతర్పణనాడు బియ్యమిచ్చిన దాతకు శాలువ కప్పునపుడు, పొయ్యికడ పొగ మ్రింగిన యామెనుగూడ ముందునకు పిలువుడు.