గోవా పొడి

పందొమ్మిదవ శతాబ్దమున మన దేశపు పశ్చిమ తీరమున గోధుమవన్నె కలిసిన పసుపుపచ్చని పొడి యొకటి అమ్మబడుచుండెను. దానిని నిమ్మరసముతో తడిపి తామరకు పూసెడివారు. గోవానుండి వచ్చుటచే దానికి ‘గోవా పొడి’ యని పేరు. అది యే చెట్టునుండి లభించునో కొన్నవారికి తెలియదు.

1875 ప్రాంతమున బ్రెజిల్ దేశమునందలి బహియాలోని వైద్యుడు డా సిల్వా లీమా, తమచోట ‘అరరోబా’ యనబడు పొడియు నిదియు నొక్కటేయని తెలిపెను. అరరోబా చిక్కుడు కుటుంబమునకు చెందిన పెద్ద వృక్షము. దాని కాండమునందలి పగుళ్లలో ఈ పొడి పేరుకొనును. చెట్టును నరికి, చీల్చి, పొడిని గీకి తీయు కూలీలకు కండ్లు, ముఖము మండుచుండెడివి. బ్రెజిల్, గోవా రెండును పోర్చుగీసువారి వలసలగుటచే ఓడలమీద ఆ పొడి మన దేశమునకు చేరినది.

1876లో లండను వైద్యుడు బాల్మనో స్క్వైర్ ఒక వింతను ప్రకటించెను. తామర యని తలచి గోవా పొడి పూసిన ఒక రోగికి నిజముగా నున్నది సోరియాసిస్. అయినను మచ్చలు మాయమయ్యెను.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? తామర శిలీంధ్రము వలన కలుగును. ఒకరినుండి మరియొకరికి అంటుకొనును. సోరియాసిస్ శరీరపు రక్షణవ్యవస్థ దారితప్పుటవలన కలుగు తాపరోగము, అంటువ్యాధి కాదు. ఆరోగ్యవంతుని చర్మమున అడుగున పుట్టిన కణము పైకి చేరుటకు ఇంచుమించు నాలుగు వారములు పట్టును. ఈ రోగమున కొద్ది దినములలోనే చేరును. అందువలన పొలుసులు రాలును. గోవా పొడిలోని క్రైసరోబిన్ ఈ కణవిభజన వేగమును తగ్గించును.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రెజిల్ సరకు జర్మనీకి అందలేదు. అక్కడి రసాయనజ్ఞులు క్రైసరోబిన్‌ను పోలిన పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసిరి. క్రైసరోబిన్ అణువునందలి మిథైల్ సమూహము ఇందులో లేదు, అంతియే భేదము. 1916లో గాలెవ్‌స్కీ, ఊనా అను వైద్యులు దీని గుణమును ప్రకటించిరి. ఇదియే డైత్రనాల్. 1953లో ఇంగ్లండులోని లీడ్స్ నగర వైద్యుడు ఇంగ్రామ్ తారుస్నానము, అతినీలలోహిత కిరణములు, డైత్రనాల్ ముద్ద కలిపిన చికిత్సావిధానమును వర్ణించెను.

ఈ మందు చర్మమును మండించును. బట్టలకు ఊదారంగు మరకలు వేయును. అందుచే తరువాతి కాలమున దీనిని కొద్దిసేపు మాత్రమే పూసియుంచి కడిగివేయు పద్ధతి వచ్చినది. కొత్త మందులు వచ్చిన పిమ్మట దీని వాడుక చాల తగ్గినది.

ఒకే పొడి రెండు రోగములను తగ్గించినంతమాత్రమున ఆ రెండును ఒక్కటి కావు. సోరియాసిస్‌ను తామరగా భ్రమించి, అంటుకొనునను భయముతో తోటి విద్యార్థిని వేరు బల్లపై కూర్చుండబెట్టుట అన్యాయము. రోగము పేరు వైద్యుడు తేల్చిన పిదపనే మందు పూయవలెను. ఎందుకనగా చెట్టునుండి వచ్చిన మందైనను చర్మమును కాల్చగలదు.