బండి కట్టుకొని రేవు పట్నాలకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరినారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. నీటిపారుదల శాఖ సర్వే సిబ్బందిలో చేరి, 2008లో పదవీ విరమణ పొందినవాణ్ణి. అయితే నందిపేటలోని మేము కొందరం పెన్షనర్లం ఈ మధ్య సతీసమేతంగా సముద్రతీరం వెంట పది రోజుల ప్రయాణం తలపెట్టినాము. దారి గీసే పని నాకు అప్పజెప్పినారు. ఆ పనిలో చదివి తెలుసుకున్న సంగతులనే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

అమెరికాలో ఉన్న మా మిత్రుని కుమార్తె అక్కడి ఆర్.వి. అనే బండి ఫోటో పంపింది. అందులోనే వంటగది, మంచాలు, స్నానాల గది. రిటైరైనవారు అందులో నెలల తరబడి తిరుగుతారట. మాది అంత వైభోగం కాదు. ఒక టెంపో ట్రావెలరు, వెనుక గ్యాసుపొయ్యి, బియ్యం పప్పుల డబ్బాలు, రెండు డేరాలు, మోకాళ్ళ నొప్పులవారి కోసం మడత కుర్చీలు. సత్రం దొరికిన చోట సత్రం, లేనిచోట డేరా.

డేరాలు వేసుకుంటూ పోవడం మనకు కొత్త కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. వెంట సుమారు నూరు మంది, పల్లకీలు, డేరాలు. పోయేటప్పుడు హైదరాబాదు నుండి నాగపూరు బాట పట్టి, మన ప్రాంతం గుండానే గోదావరి దాటినాడు. వచ్చేటప్పుడు తూర్పుతీరపు జిల్లాల మీదుగా చెన్నపట్నం చేరినాడు. ఆయన చనిపోయిన తరువాత 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర మనలో చాలామంది వినే ఉంటారు. ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ సామాను దొరుకుతుంది అన్నది కూడా రాసిపెట్టిన మనిషి. దారి గీసేవాడికి అంతకన్న మంచి గురువు దొరకడు.

ఇక మా జిల్లాకూ సముద్రానికీ ఏం సంబంధం అని మా అబ్బాయి దుబాయి నుండి ఫోనులో అడిగినాడు. సంబంధం ఉన్నది. మన జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసలలో పేరెన్నికగన్న ఉక్కు కాచేవారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి పోయినప్పుడు, ఇస్పహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడు ఒకడు ఊళ్ళోనే మకాం వేసి, దగ్గరుండి ఉక్కు కొంటున్నాడట. అంతకు ముందు 17వ శతాబ్దంలో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఇందల్వాయిలో కత్తులు తయారవుతాయని రాసినాడు. అదే కాలపు డచ్చివారి లెక్కలలో గోల్కొండ రాజ్యపు ఇనుము, ఉక్కు బందరు, నరసాపురం రేవుల నుండి ఓడలకెక్కినట్లు ఉన్నది. ఆనాడు ఇస్పహాను మనిషి మన ఊళ్ళకు వచ్చినాడు, ఈనాడు మన పిల్లలు ఆ దిక్కు గల్ఫుకు పోతున్నారు. పిల్లలు సముద్రం చూసినారు. కన్నవాళ్ళం మాత్రం మాలో ఆరుగురం ఇంతవరకు చూడలేదు!

మా మొదటి మజిలీ మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలోని చిన్న ఊరు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ వేయించిన అభయశాసనం వీరభద్రస్వామి గుడిలో ఉన్నది. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారట. మేము అట్లా చేయము, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోము అని ఓరుగల్లు రాజు సముద్ర వర్తకులకు మాట ఇచ్చినాడు. మన భాషలో చెప్పాలంటే రాతి మీద చెక్కిన జీవో. అమలు జరిగిందా అని అడగడం పెన్షనర్లమైన మనకు అలవాటు. తరువాతి కాలంలో మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి పేరుతో ప్రస్తావించినాడంటే కొంతైనా జరిగే ఉంటుంది.

అక్కడి నుండి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే మచిలీపట్నం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి దిగిన గోల్కొండవారి ప్రధాన రేవు. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నవి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు ముప్ఫయి వేలమంది చనిపోయినారు. రేవుకు మళ్ళీ ఆ పాత కళ రాలేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మనలో చాలామందికి గుర్తే. అందుకే కార్తీకంలో పోదామన్నవారికి నేను ఒప్పుకోలేదు. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడం, ఎవరూ ఇల్లు కదలరు. లైఫ్ సర్టిఫికెట్ల పని కూడా ముగియాలి. కాబట్టి పసుపు మార్కెట్టుకు చేరినాకనే ప్రయాణం. ఎండ కొంత ఉంటుంది, తప్పదు.

బందరులో ఇంకొకటి. మాలో చాలామంది పెన్షను జమయ్యే ఆంధ్రా బ్యాంకును పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆ ఊళ్ళోనే స్థాపించినారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత పాసుబుక్కును ఇంకా దాచుకున్న మిత్రుడొకరు దాన్ని వెంట తెస్తానంటున్నాడు. ఎందుకో నేను అడగలేదు.

తరువాత నరసాపురం. ఆ పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీదనే మడపోలం గుడ్డ ప్రసిద్ధి. చివరన యానాం (1954 వరకు ఫ్రెంచివారిది), కోరంగి, భీమిలి ఉన్నవి. కోరంగి నుండి ఎంతమంది ఓడలెక్కినారో గానీ, బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలనే పేరు పడింది.

నరసాపురం దగ్గర బండిని పంటు మీదికెక్కించి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుండి అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు. మొదట నేను దీనిని దారిలో పెట్టలేదు. రేవుల చరిత్ర చూడబోతూ గుళ్ళు మొదలుపెడితే పది రోజులు చాలవని నా లెక్క.

పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ముంపు హద్దు రాళ్ళు పాతిన సిబ్బందిలో ఉన్నాను. మా ఇంటావిడ పుట్టిన ఊరు గోదావరి ఒడ్డున. పెళ్ళైన రెండో ఏడు ఆ ఊళ్ళోనే రాళ్ళు పాతినాము. మా అత్తగారింటి గోడ పక్క రాయికి తాడు పట్టినది నేనే. ఆ రోజు మధ్యాహ్నం ఆ ఇంట్లోనే అన్నం తిన్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ తరువాత యాభై ఏండ్లలో ఆమె కూడా ఆ సంగతి ఎత్తలేదు.

మొన్న నేను దారి కాగితం చదివి వినిపిస్తుంటే మాత్రం ఆపి, "మా ఊరి మీదికెల్లి పోయిన నీళ్ళు ఆఖరికి ఏడ కలుస్తయో సూపెట్టుండ్రి. నాకు గంతే సాలు" అన్నది.

ఆమెకు రెండేండ్ల కింద గుండెకు స్టెంటు వేసినారు. ఇంత దూరం వద్దని పిల్లలు అంటున్నారు. డాక్టరు మాత్రం రాత్రి ప్రయాణం చేయవద్దు, మందులు మరువవద్దు అని చెప్పి పంపినాడు. అందుకని రోజుకు నాలుగు గంటలకు మించి బండి నడపకుండా మజిలీలు తిరిగి వేసినాను. భీమిలిలో ఒకరోజు తగ్గింది. కాగితంలో అంతర్వేది అని కలిపి, పక్కన ఒక రాత్రి అని రాసి, కొట్టివేసి రెండు రాత్రులని దిద్దినాను.

2014 తరువాత ఆంధ్ర వేరే రాష్ట్రం కనుక బండి పర్మిట్టు సంగతి డ్రైవరు చూసుకుంటున్నాడు. ఇంకా రెండు సీట్లు ఖాళీ ఉన్నవి. రాదలచిన దంపతులు సంఘ కార్యాలయంలో పేరు ఇవ్వగలరు. చెంబు, దుప్పటి ఎవరివి వారే తెచ్చుకోవలెను.