నార్వుడ్ అడవి ఇళ్ల స్థలాలైన చరిత్ర

లండన్ మహానగరం దక్షిణ అంచున క్రోయ్‌డన్ అనే పట్టణం ఉంది. దానికి ఉత్తరాన ఉన్న కొండల మీది ప్రాంతాన్ని నార్వుడ్ అంటారు. ఉత్తరపు అడవి అని ఆ పేరుకు అర్థం. ఇప్పుడు అక్కడ అక్కడక్కడా మిగిలిన చిన్న తోపులు తప్ప అడవి లేదు. వీధులు, వరుస ఇళ్లు, దుకాణాలే కనిపిస్తాయి. ఆ కొండ మీదే జిప్సీ హిల్ అనే రైల్వే స్టేషన్ ఉంది. ఆ కొండకు పేరునిచ్చిన జిప్సీల గుడారాలు మాత్రం లేవు.

భూమి పోయిన కథ అనగానే మనకు మన ఏజెన్సీ, మన తండాలు, మన గూడేలు గుర్తొస్తాయి. మనల్ని పాలించిన దేశం తన సొంత పల్లె జనం భూమిని ఏం చేసిందో కూడా యువత తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అడవి ఎవరిది?

క్రోయ్‌డన్ భూములకు దొర కాంటర్‌బరీ ఆర్చిబిషప్. అయినా అక్కడి బీడు, అడవి ఆయన ఒక్కడి అనుభవంలో లేవు. ఫలానా ఇంటికి, ఫలానా పొలానికి హక్కుదారులైన వాళ్లు అక్కడ పశువులు మేపుకోవచ్చు, వంటచెరకు తెచ్చుకోవచ్చు. ఈ హక్కులు తరతరాల ఆచారంగా వచ్చినవి. ఏ హక్కూ లేని పేదలు కూడా అడవికి వెళ్లేవారు. ఊరు చూసీ చూడనట్టు ఉండేది. అడవిలో బొగ్గు కాల్చేవాళ్లుండేవారు. ఇక్కడి ఓక్ కలప ఓడల తయారీకి వెళ్లేది.

ఇంగ్లండ్ చట్టం ఇలాంటి నేలను ‘వేస్ట్’ అనేది. మన రెవెన్యూ వాళ్లు బంజరు అన్నట్టే. పదిమంది బతుకు సాగే చోటును పనికిరాని భూమిగా రాసుకోవడం అక్కడా ఉంది.

ఈ అడవిలోనే జిప్సీలు గుడారాలు వేసుకునేవారు. జోస్యం చెప్పించుకోవడానికి లండన్ జనం వాళ్ల దగ్గరికి వచ్చేవారు. వాళ్ల రాణిగా పేరుపడ్డ మార్గరెట్ ఫించ్ 1740లో చనిపోయింది. జీవితమంతా మోకాళ్లపై గడ్డం ఆనించి కూర్చోవడం వల్ల శరీరం నిటారుగా కాలేదని, అందుకే చదరపు పెట్టెలో పాతిపెట్టారని చెబుతారు. జిప్సీల రోమానీ భాష భారతదేశం నుంచి వెళ్లినదని 1780లలోనే భాషా పండితులు గుర్తించారు. నీళ్లను వాళ్లు ‘పాని’ అంటారు, ముక్కును ‘నాక్’ అంటారు. ఆ పలుకుబడి మన తండాల్లో వాళ్లకు పరాయిదిగా తోచదు.

1797లో ఏం జరిగింది?

ఆ ఏడు పార్లమెంటు క్రోయ్‌డన్ ఉమ్మడి భూములను పంచి కంచెలు వేయడానికి చట్టం చేసింది. ఇలాంటి చట్టాలు ఇంగ్లండ్‌లో 1604 నుంచి 1914 వరకు 5,200కు పైగా వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు, అంటే దేశంలో ఐదో వంతు.

పద్ధతి ఇలా ఉండేది. పెద్ద భూస్వాములు పార్లమెంటుకు అర్జీ పెట్టేవారు. చర్చి తలుపు మీద నోటీసు అంటించేవారు. కమిషనర్లు వచ్చి, హక్కు ఉన్నవాళ్లు గడువులోగా రాతపూర్వకంగా చెప్పుకోవాలని ప్రకటించేవారు. సర్వే చేసి, పటం గీసి, చివరికి తీర్పు పత్రం రాసేవారు. అందులో పేరున్న వాడికి భూమి. పేరు లేనివాడికి ఏమీ లేదు. చిన్న హక్కుదారుకు చిన్న ముక్క దక్కినా, దాని చుట్టూ కంచె వేసే ఖర్చు భరించలేక అమ్ముకున్న సందర్భాలు ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. పూర్వం నుంచీ పుల్లలు ఏరుకుంటున్నాం అన్న మాట ఆ కాగితం ముందు చెల్లలేదు.

క్రోయ్‌డన్ తీర్పు 1801లో వచ్చింది. ఊరి జనం కోల్పోయిన హక్కులకు బదులుగా కొంత భూమిని ట్రస్టీలకు అప్పగించారు. అందులోనూ కొంత తర్వాత అమ్ముడుపోయింది. జిప్సీలు హక్కు అడిగే ప్రశ్నే రాలేదు. చట్టం దృష్టిలో వాళ్లు దేశదిమ్మరులు. తీర్పు పటంలో దేశదిమ్మరికి గడి ఉండదు.

కంచె నుంచి కాలనీ దాకా

కంచె పడ్డ మర్నాడే ఇళ్లు రాలేదు. ఈ సంగతి గమనించాలి. ఉమ్మడి భూమిని ఎవరూ ఒక్కరుగా అమ్మలేరు. విడివిడి ముక్కలై, ఒక్కో ముక్కకు ఒక్కో యజమాని వచ్చాక అది అమ్మకానికి సిద్ధమైన సరుకు అయింది. మిగతా పని రవాణా చేసింది. 1809లో కాలువ వచ్చింది. అది నష్టపోతే రైల్వే కంపెనీ కొనేసింది. 1839లో లండన్–క్రోయ్‌డన్ రైలు నడిచింది. 1854లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనాన్ని నార్వుడ్ పక్క కొండ మీద మళ్లీ కట్టారు. 1856లో జిప్సీ హిల్ స్టేషన్ తెరిచారు.

గాలి బాగుండే ఎత్తు మీద ధనికులు తోటలతో బంగళాలు కట్టుకున్నారు. పల్లంలో, పాత క్రోయ్‌డన్ కామన్ వైపు, పనివాళ్ల ఇరుకు ఇళ్లు వరుసలు కట్టాయి. 1801లో సుమారు 5,700 ఉన్న క్రోయ్‌డన్ జనాభా 1901 నాటికి 1,33,000 దాటింది. అంతమందికి ఇళ్లు కావాలి, నిజమే. కానీ ఏ నేల ఇళ్లకు పోవాలి, ఏది అందరికీ ఉండాలి అన్నది ఊరంతా కూర్చుని తేల్చలేదు. భూమి చీలినప్పుడే ఆ నిర్ణయం ముక్కల యజమానుల చేతికి వెళ్లిపోయింది.

పక్క ఊరు నిలబెట్టుకుంది

క్రోయ్‌డన్‌కు దక్షిణాన కూల్స్‌డన్ ఉంది. అక్కడి దొర కూడా ఉమ్మడి నేలను కొద్దికొద్దిగా కంచెల్లోకి లాగబోయాడు. 1870లలో హక్కుదారులు కోర్టుకెక్కారు. చివరికి 1883లో లండన్ నగర కార్పొరేషన్ ఆ భూములను కొని ప్రజల కోసం ఉంచింది. కూల్స్‌డన్, కెన్లీ, రిడిల్స్‌డౌన్, ఫార్తింగ్ డౌన్స్ ఇప్పటికీ బయలుగానే ఉన్నాయి, ఇప్పటికీ పశువులు మేస్తున్నాయి. నార్వుడ్‌లో ఇళ్లు ఉన్నచోట, ఇక్కడ గడ్డి ఉంది.

మనకు దీనితో ఏం పని?

చర్చి తలుపు మీది నోటీసు సముద్రం దాటి మన దగ్గరికీ వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు ప్రకటించేటప్పుడు సెటిల్‌మెంట్ అధికారి హక్కులు చెప్పుకోవడానికి గడువు పెట్టేవాడు. అది మూడు నెలలకు తగ్గకూడదన్నది నియమం. చదువురాని గూడేనికి ఆ గడువు ఎంతపాటిదో వేరే చెప్పక్కర్లేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో ఒక మెట్టు ఎక్కింది. హక్కుల క్లెయిములు గ్రామసభ నుంచే మొదలవుతాయి. పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. నార్వుడ్ పేదలకు దొరకనిది ఇదే. వ్యక్తిగత పట్టాతో పాటు ఊరి ఉమ్మడి అడవి మీద సామూహిక హక్కు కూడా ఈ చట్టంలో ఉంది. మనలో చాలామంది పట్టా దగ్గరే ఆగిపోతున్నాం.

కాబట్టి యువతకు మేము చెప్పేది చిన్న పని. మీ ఊరి మేతబీడు, చెరువు, దేవర తోపు, శ్మశానం, పుట్టతేనె తీసే గుట్ట ఏవో, వాటి హద్దులు ఎక్కడో, ఎప్పటినుంచి ఎవరు వాడుతున్నారో పెద్దలను అడిగి రాయండి. పటం గీయండి. గ్రామసభ తీర్మానంలో చేర్పించండి. మన పెద్దలు ఉన్నప్పుడే ఈ పని చేయాలి. ఇళ్ల స్థలాల బోర్డు పాతే రోజుకు ఆ కాగితం మన చేతిలో ఉండాలి.