నీలం నింపిన చేయి

మా ముందుగది అద్దాల బీరువాలో ఒక పాత జపాన్ సాసర్ ఉంది. తెల్ల పింగాణీ మీద నీలం కొండలు, ఒక పడవ. క్యూషూ దీవిలోని అరితాలో పాతసామాన్ల కొట్లో కొన్నాను. అందరిలాగే ముందు తిరగేసి అడుగు చూశాను. ముద్ర లేదు.

పింగాణీ సేకరించేవాళ్లకి ముద్రే ప్రాణం. ‘నిప్పాన్’ అని ఉంటే 1891-1921 మధ్య అమెరికాకి ఎగుమతైన సరుకని గుర్తుపడతారు. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరుండాలని 1890 నాటి అమెరికా సుంకాల చట్టం చెప్పింది. ‘నిప్పాన్’ జపనీస్ మాట, ఇంగ్లీషులో ‘జపాన్’ అనే ఉండాలని 1921లో తేల్చారు. ఆ ముద్రల్లో చాలావాటికి ‘చేత్తో చిత్రించినది’ అన్న మాట కూడా జతై ఉంటుంది. ఎవరి చేత్తో? ఆ సంగతి ఏ చట్టానికీ పట్టలేదు.

అరితాలో నీలం బొమ్మ ఒక్కరి పని కాదు. సన్నగీతలు ఒకరు గీస్తారు. వాటి లోపల నీలం నింపడాన్ని ‘దామి’ అంటారు. సంప్రదాయంగా అది ఆడవాళ్ల పని. లావాటి కుంచె నిండా కోబాల్ట్ రంగునీళ్లు పట్టించి, వేళ్లతో అదుముతూ గీతల మధ్య నడిపించాలి. ఒకసారి కాల్చి, ఇంకా మెరుగు పూయని పింగాణీ రంగుని చటుక్కున పీల్చేస్తుంది. చెయ్యి ఆగిందా, మరకే. అయినా గీసినవాడు చిత్రకారుడు, నింపినామె సాయానికొచ్చిన మనిషి! మన వాకిట్లో ముగ్గుల దగ్గరా ఇదే లెక్క కదా.

ఆ ఊరి పింగాణీకి తల్లి అని చెప్పుకునేది కూడా ఒక స్త్రీనే. 1590ల్లో జపాన్ కొరియా మీద చేసిన యుద్ధాలప్పుడు తీసుకొచ్చిన కుమ్మరుల్లో ఆమె కుటుంబం ఒకటి. 1618లో భర్త పోయాక, తొమ్మిది వందల మందికి పైగా తోటి కొరియన్లను వెంటబెట్టుకుని అరితా చేరింది. 1656లో, 96వ ఏట కన్నుమూసింది. 1705లో మునిమనవడు హోఒంజి గుడిలో ఆమెకి శిల నిలిపాడు. భర్త పేరు ఫుకాఉమి సోదెన్ అని తెలుసు. ఆమె మాత్రం ‘హ్యకుబాసెన్’, అంటే ఇంచుమించు వందేళ్ల అవ్వ. అంత బతికితే వయసే పేరైంది; అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

నా సాసర్లో ఎడమ కొండ దగ్గర నీలం గీత దాటి కాస్త బయటికొచ్చింది. దానికే కొట్టాయన ధర తగ్గించాడు. బీరువాలో ఆ పక్కనే వెలుతురుకి తిప్పి పెట్టాను.