నల్లా మోత ఎక్కడిది?

పొద్దున్న ఆరున్నర. విద్యానగర్ వైపు నుంచి జామై ఉస్మానియా స్టేషనుకు లోకల్ రైలు వస్తోంది. హైదరాబాద్ అడిక్‌మెట్‌లోని ఈ వంటగదిలో కిటికీ రెక్క సన్నగా అదురుతోంది. రైలు పోనివ్వండి. యూనివర్సిటీ చెట్ల మీది కోయిల తప్ప ఇంకేమీ వినిపించని ఆ కాస్త నిశ్శబ్దం మనకు కావాలి.

ఇప్పుడు సింకు దగ్గరికి రండి. నిన్న సాయంత్రం బిగించిన స్వాన్‌నెక్ నల్లా ఇది. తళతళలాడుతోంది. ఇంటి పెద్దావిడ పిడిని సగం తిప్పారు. ముందు తుపుక్ తుపుక్‌మని గాలి ఉమ్మింది. ఆ వెంటనే గుయ్‌మని మోత మొదలై గోడ వెంబడి పాకింది. పూర్తిగా తిప్పితే ఆ మోత తగ్గి బుస మిగిలింది. మూశారు. ఠప్! సింకు కింద ఏదో గోడకు కొట్టుకుంది.

"దుకాణంల వాపస్ ఇచ్చేస్త బిడ్డా. కొత్తదానికే గింత లొల్లా?"

ప్లంబరు సంచి కింద పెట్టాడు. "ఆగుండ్రమ్మా. నల్లాను ఇప్పుడే ఇప్పొద్దు. ముందు ఇనాలె."

ఈ ఒక్క మాటకే నేను అతనికి సగం మార్కులు ఇచ్చేస్తాను. చాలామంది పానా ముందు తీస్తారు. ఇతను అడిగిన ప్రశ్నలు చూడండి: మోత తెరవగానే వస్తుందా, పారుతున్నప్పుడా, మూసినప్పుడా? పొద్దున్నే ఎక్కువా, మోటారు వేశాక ఎక్కువా? వైద్యుడు దగ్గు గురించి అడిగినట్టు అడుగుతున్నాడు. ఒక్కో వేళ ఒక్కో రకం చప్పుడు వస్తోందంటే కారణాలు కూడా ఒకటికి మించి ఉండొచ్చు.

ఉమ్ముల సంగతి త్వరగా తేలింది. నల్లా బిగించడానికి నిన్న డాబా మీది వాల్వు కట్టేసి పైపు ఖాళీ చేశారు. అందులో గాలి చేరింది. బకెట్టు పెట్టి కాసేపు ధారగా వదిలితే అది పోతుంది. రోజూ వస్తుంటే మాత్రం ట్యాంకు అడుగంటుతోందేమో చూసుకోవాలి.

తర్వాత బుస. ప్లంబరు నల్లా మూతి దగ్గరి చిన్న జాలీని గుడ్డ చుట్టి విప్పి, అరచేతిలో దులిపాడు. దగ్గరికి వచ్చి చూడండి. తుప్పు రేకులు, ఇసుక, టెఫ్లాన్ టేపు పీలికలు, సున్నపు తెల్లని పలుకులు. నగరానికి 1920 నాటి గండిపేట, ఆ తర్వాత హిమాయత్‌సాగర్, మంజీర, కృష్ణ, గోదావరి, ఇన్ని చోట్ల నుంచి శుద్ధి చేసిన నీళ్లు తెచ్చుకున్నాం. కానీ ఈ ఇంట్లో అవి సంపులో బోరు నీళ్లతో కలిసి, పాత జీఐ ఇనుప పైపుల్లోంచి దిగి నల్లా దాకా వస్తాయి. బోరు నీటి సున్నం, పైపు తుప్పు రెండూ చివరికి చేరేది ఈ జాలీలోకే. సందులు పూడుకుపోతే, మిగిలిన సన్నటి దారుల్లో నీరు వేగంగా దూరి బుసకొడుతుంది. జాలీ లేకుండా నల్లా తిప్పాడు. బుస లేదు.

గుయ్‌మనే మోత మాత్రం అలాగే ఉంది.

ఇక్కడే అసలు పని. సింకు కింద తలుపు తీసి ఫినాయిల్ సీసా, చెత్తబుట్ట పక్కకు జరిపాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను కనెక్షన్ పైపు మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించాడు. తల ఊపాడు, కాదన్నట్టు. మొనను గోడలోని యాంగిల్ కాక్ మీదికి, అంటే నల్లాకు నీళ్లు వదిలే చిన్న వాల్వు మీదికి, జరిపాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇగో, ఇక్కడున్నది."

మీరూ ఆనించి చూడండి. దంతాల దాకా జివ్వుమంటుంది. యాంగిల్ కాక్ పిడిని అతను కొద్దిగా తిప్పగానే మోత స్వరం మారింది. మొత్తం తెరిచేసరికి సన్నబడింది. దొంగ దొరికాడు. నల్లా కొత్తదే గాని యాంగిల్ కాక్ పాతది. దాని లోపల వాషరు వదులైంది. దాని కిందుగా పారే నీరు దాన్ని ఎత్తి వదులుతుంటే అది క్షణంలో ఎన్నోసార్లు కొట్టుకుంటుంది. ఆ అదురును జీఐ పైపు ఇల్లంతా మోస్తుంది.

ఇక ఠప్పు. ప్లంబరు ఒక చెయ్యి పైపు మీద పెట్టి పెద్దావిడను నల్లా మూయమన్నాడు. పైపు ఎగిరింది. దాన్ని గోడకు పట్టి ఉంచాల్సిన క్లాంపు తుప్పుపట్టి ఊడిపోయింది. పారే నీటిని చటుక్కున ఆపితే ఎంత దెబ్బ పడుతుందో మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి నికొలాయ్ జుకోవ్‌స్కీ 1898లో లెక్క కట్టాడు. సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీరు ఇనుప పైపులో ఒక్క క్షణంలో ఆగిపోతే దాదాపు 12 బార్ల ఒత్తిడి పెరుగుతుంది. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే నల్లా దగ్గర మామూలుగా ఉండేది 1 బార్ మాత్రమే. చేత్తో అంత వేగంగా ఎవరూ మూయలేరు గాని, అందులో కొంత భాగమే పైపును ఎగరేయడానికి చాలు. పాత నల్లాను మూయాలంటే రెండు మూడు చుట్లు తిప్పాలి కాబట్టి నీరు మెల్లగా ఆగేది. సిరామిక్ బిళ్లల కొత్త నల్లా పావు చుట్టుకే మూసుకుంటుంది. క్లాంపు ఎప్పుడు ఊడిందో గాని, అది బయటపడింది మాత్రం ఈ కొత్త నల్లా వల్లే.

ప్లంబరు డాబా మీదికెళ్లి వాల్వు కట్టి వచ్చాడు. పాత యాంగిల్ కాక్ విప్పాక, ఆ గోడ రంధ్రం కింద బకెట్టు పెట్టి, పెద్దావిడ మనవణ్ణి పైకి పంపి వాల్వు కాసేపు తెరిపించాడు. ఎర్రటి నీళ్లు ఎగిసిపడి తేటబడేదాకా కదల్లేదు. కొత్త కాక్ బిగించాడు, క్లాంపు కొట్టాడు, జాలీ కడిగి పెట్టాడు. పెద్దావిడ పిడి తిప్పారు. నీళ్ల చప్పుడు ఒక్కటే.

"మరి నల్లా?"

"నల్లా మంచిగనే ఉన్నదమ్మా. బిల్లు మాత్రం దాచుకోండ్రి."

మోత వచ్చే కొత్త నల్లాలన్నీ నిర్దోషులని నేను అనను. స్క్రూడ్రైవరు ఆనించినప్పుడు మోత నల్లా ఒంట్లోనే ఎక్కువగా వినిపిస్తే, జాలీ తీసినా తగ్గకపోతే, తప్పకుండా వాపస్ ఇవ్వండి. అంతకుముందు మాత్రం సింకు కింద ఒకసారి చెవి పెట్టండి. మీరు కొత్త నల్లా కొనబోతుంటే ఆ రోజే యాంగిల్ కాక్ కూడా మార్పించండి, బిగించేముందు పైపును వదిలి కడిగించండి.