సాగర్ తీరాన పది రోజుల మౌనం

నాగార్జునసాగర్: సాగర్ సందర్శనకు వచ్చే పర్యాటకుల్లో ఎక్కువ మంది ఆనకట్ట, లాంచీ ప్రయాణం, నాగార్జునకొండ మ్యూజియం చూసుకొని సాయంత్రానికి తిరుగు ప్రయాణమవుతారు. ఎడమ గట్టున హిల్‌కాలనీలో ఒక విపశ్యన ధ్యాన కేంద్రం ఉన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. దాని పేరు ‘ధమ్మ నాగజ్జున’. నాగార్జునుని పేరుకు పాళీ రూపమే నాగజ్జున. ఇక్కడి శిబిరంలో చేరిన వారు పది రోజుల పాటు తోటివారితో మాట్లాడరు. ఫోను ముట్టరు, పుస్తకం తెరవరు, కాగితంపై అక్షరం రాయరు. భోజనం, వసతి, బోధన.. దేనికీ రుసుము లేదు. పది రోజులు మాత్రం పూర్తిగా కేటాయించాలి. రెక్కాడితే గాని డొక్కాడని వారికి రుసుము లేకపోవడం వరమే అయినా, ఆ పది రోజులే భారం.

దానాలతో వెలసిన లోయ

ఉచితంగా ధ్యానం నేర్పడం నేటి కాలానికి వింతగా తోచవచ్చు గాని, ఈ లోయకు దానం కొత్త కాదు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే వర్ధిల్లింది. రాజులు వైదిక యజ్ఞాలు చేయగా, వారి ఇంటి ఆడపడుచులు, రాణులు బౌద్ధ విహారాలకు విరివిగా దానాలిచ్చారు. మహాచైత్యానికి ప్రధాన దాత వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి. రాచకుటుంబానికి చెందని గృహస్థుల పేర్లూ శాసనాల్లో కనిపిస్తాయి. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో ఆమె దానాల జాబితాయే పెద్దది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించడం అందులో ఒకటి. సింహళ భిక్షువులు సముద్రం దాటి వచ్చి ఈ లోయలో నివసించారనడానికి ఆ విహారమే సాక్ష్యం.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోనున్న దృష్ట్యా 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, కుడి గట్టున అనుపు వద్ద తిరిగి నిర్మించారు. మిగిలినదంతా జలాశయం అడుగున ఉంది. ధ్యాన మందిరాల పునాదులు నీట మునిగిన చోటనే, గట్టు మీద మళ్లీ ధ్యానం సాగుతుండటం విశేషం.

బర్మా నుంచి తిరిగివచ్చిన విద్య

ఈ కేంద్రంలో నేర్పే పద్ధతిని భారతదేశానికి తీసుకువచ్చినవారు సత్యనారాయణ గోయెంకా. మార్వాడీ వ్యాపార కుటుంబంలో 1924లో బర్మాలోని మాండలేలో జన్మించారు. తీవ్రమైన పార్శ్వపు తలనొప్పికి విరుగుడు వెతుక్కుంటూ 1955లో సయాజీ ఊ బా ఖిన్ వద్దకు వెళ్లారు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థు. 14 ఏళ్ల సాధన అనంతరం గోయెంకా 1969లో భారత్‌కు వచ్చి, అదే ఏడాది జులైలో బొంబాయిలో తొలి శిబిరం నిర్వహించారు. 2013 సెప్టెంబరు 29న కన్నుమూశారు. నేటికీ శిబిరాల్లో వినిపించేది ఆయన గొంతే. హిందీ, ఆంగ్ల సూచనల రికార్డులతో పాటు తెలుగు అనువాదం వినిపిస్తారు. సహాయ ఆచార్యులు సందేహాలు తీరుస్తారు, వారికి జీతం ఉండదు. వంట, వడ్డన, గదుల పర్యవేక్షణ చూసే ధమ్మ సేవకుల్లో అధికులు లోగడ శిబిరం పూర్తిచేసినవారే.

హైదరాబాద్ నుంచి సాగర్‌కు వచ్చే దారిలోనే, వనస్థలిపురం సమీపాన 1976లో ప్రారంభమైన ‘ధమ్మ ఖేత్త’ ఉంది. దేశంలోని తొలినాటి కేంద్రాల్లో అది ఒకటి. ఏలూరు సమీపంలోని విజయరాయిలో ‘ధమ్మ విజయ’ ఉంది.

తెల్లవారుజామున నాలుగుకు గంట

శిబిరంలో దినచర్య గడియారం ముల్లు ప్రకారం నడుస్తుంది. వేకువన 4 గంటలకు గంట మోగుతుంది. 4.30 నుంచి ధ్యానం. 6.30కి అల్పాహారం, 11 గంటలకు భోజనం. సాయంత్రం 5 గంటలకు కొత్తవారికి పండు, మరమరాలు, టీ వంటివి ఇస్తారు. పాత సాధకులకు నిమ్మనీరే. రాత్రి భోజనం ఉండదు. 7 గంటలకు గంటకు పైగా ప్రవచనం, 9.30కి దీపాలు ఆర్పుతారు. మొత్తం మీద రోజుకు పది గంటలకు పైగా కూర్చోవడమే పని. నేల మీద కూర్చోలేని వృద్ధులకు, మోకాళ్ల బాధ ఉన్నవారికి కుర్చీ ఇస్తారు. స్త్రీ, పురుషులకు వసతి వేర్వేరు.

తొలి మూడున్నర రోజులు ఆనాపానం. ముక్కుపుటాల వద్ద వచ్చీ పోయే ఊపిరిని ఉన్నది ఉన్నట్లుగా గమనించాలి. మంత్రం జపించరాదు, రూపాన్ని ఊహించరాదు. నాలుగో రోజున విపశ్యన నేర్పుతారు. తల నుంచి పాదాల వరకు శరీరంలో కలిగే నొప్పి, దురద, వేడి, తిమ్మిరి.. ప్రతి అనుభూతినీ ప్రతిస్పందించకుండా చూడాలి. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చునే ‘అధిష్ఠానం’ ఉంటుంది. దోమ వాలినా చేయి ఎత్తకూడదన్నంత పట్టుదల ఇందులో కావాలి. పదో రోజు ఉదయం మైత్రీ భావన నేర్పాక మౌనం ముగుస్తుంది. పదకొండో రోజు ఉదయం శిబిరం పూర్తవుతుంది.

ఈ పది రోజులూ హింస, దొంగతనం, లైంగిక వర్తన, అసత్యం, మత్తు పదార్థాలకు దూరంగా ఉండాలి. పూజలు, ఉపవాసాలు, జపమాలలు, తాయెత్తులు శిబిరం ముగిసే వరకు పక్కన పెట్టాలి. కులమతాలతో నిమిత్తం లేదు, మతం మారమని అడగరు. బుద్ధుని బోధ నుంచి వచ్చినదని చెబుతూనే, ఇది సంప్రదాయాలకు అతీతమైన సాధన అని నిర్వాహక సంస్థ స్పష్టం చేస్తుంది. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష స్వీకరించిన నాటి నుంచి ఆయన బాటలో బౌద్ధం స్వీకరించిన కుటుంబాలు జరుపుకొనే వందనాలు, సభలు వేరు. రెంటినీ ఒకటిగా భావించి వచ్చినవారు బుద్ధ వందనం లేదని నొచ్చుకోవడం, పూజ ఉంటుందేమోనని ఇతరులు జంకడం.. రెండూ అపోహలే.

పిల్లలకు బొమ్మలు, ఆటలు

పది రోజుల కఠోర నియమం బాలలకు వర్తించదు. విపశ్యన కేంద్రాలు 8 నుంచి 16 ఏళ్ల లోపు వారికి ఒకటి నుంచి మూడు రోజుల ఆనాపాన శిబిరాలు నిర్వహిస్తాయి. కొంతసేపు శ్వాసను గమనించడం, ఆ వెంటనే ఆట. మళ్లీ ధ్యానం, తర్వాత కథ. చిత్రలేఖనం, కాగితంతో బొమ్మలు చేయడం, చిన్న బృందాలుగా చేరి మాట్లాడుకోవడం ఇందులో భాగం. ఎవరి బొమ్మ బాగుందని బహుమతులు పంచే పోటీ కాదిది. మార్కుల పరుగులో అలసిన పిల్లలకు పోటీ లేని ఒక్కరోజు దొరకడమే పెద్ద లాభం. ఒకసారి శిబిరం పూర్తిచేసిన పెద్దల కోసం ఒకరోజు శిబిరాలు, వారానికోసారి గంటసేపు సామూహిక ధ్యానం వంటివి ఉంటాయి. ఇంటికి వెళ్లాక ఉదయం, సాయంత్రం గంట చొప్పున కూర్చోవాలన్నది నియమం. ఇది నిలుపుకోవడం పది రోజుల మౌనం కంటే కష్టం. సామూహిక ధ్యానాలకు ప్రాధాన్యం అందుకే.

అందరికీ తగినది కాదు

ధ్యానం సర్వరోగ నివారిణి అని ప్రచారం చేసేవారికి కొదవలేదు. నిర్వాహక సంస్థ మాత్రం ఆ మాట చెప్పదు. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవారు శిబిరంలో చేరవద్దని నియమావళిలోనే సూచిస్తుంది. వైద్యానికి ఇది ప్రత్యామ్నాయం కాదనీ చెబుతుంది. దరఖాస్తులో ఆరోగ్యం, వాడుతున్న మందుల వివరాలు అడిగేది ఇందుకే. సీటు దక్కదేమోనని వాటిని దాచిపెట్టడం ప్రమాదకరం. దీర్ఘకాల మౌనంలో పాత దుఃఖాలు పైకి రావచ్చు, ఆందోళన పెరగవచ్చు. మందులు వాడేవారు వైద్యుని అడగకుండా మానరాదు. మధ్యలో వెళ్లిపోనని ముందే అంగీకరించవలసి ఉంటుంది గనుక, ఇంట్లో పెళ్లి, పరీక్షలు, శస్త్రచికిత్స వంటివి ఉన్నప్పుడు చేరకపోవడమే మంచిది.

ఇక తీరిక సంగతి. మహారాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు విపశ్యన శిబిరాల నిమిత్తం సెలవు సదుపాయం కల్పించింది. 1994లో తీహార్ జైలులో సుమారు వెయ్యి మంది ఖైదీలు ఒకేసారి శిబిరంలో కూర్చున్నారు. ఉద్యోగికి సెలవు, ఖైదీకి సమయం దొరికాయి. ఎడమ కాలువకు నీరు వదలగానే నాట్లలోకి దిగే కూలీ తల్లికి పది రోజులు దొరకవు. పాడి ఉన్న ఇంట్లో ఒక్కపూట గైర్హాజరైనా గేదె ఊరుకోదు. దరఖాస్తుకు పంటల మధ్య విరామం చూసుకోవడం ఒక్కటే వారికి వీలున్న మార్గం.

బుద్ధవనం వేరు

సాగర్‌లోనే 274 ఎకరాల్లో నిర్మించిన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. బుద్ధుని జీవిత ఘట్టాలు, జాతక కథల శిల్పాలు, స్తూపాల నమూనాలు, మహాస్తూపం, ధ్యానవనం అందులో ఉన్నాయి. అది పర్యాటక ప్రాజెక్టు, టికెట్ తీసుకొని చూడవచ్చు. విపశ్యన కేంద్రం చూసిపోయే స్థలం కాదు. శిబిరం జరుగుతుండగా సందర్శకులు గేటు వద్ద ఫొటోలు దిగుతూ కేకలు వేయడం సాధకులకు ఇబ్బంది.

చేరదలచినవారు ఇలా..

విపశ్యన సంస్థ వెబ్‌సైట్‌లో కేంద్రాల వారీగా శిబిరాల తేదీలు ఉంటాయి. అక్కడే దరఖాస్తు నింపాలి. నియమావళి పూర్తిగా చదవనిదే దరఖాస్తు చేయరాదు. ఆమోదం తెలిపే సందేశం వచ్చాకే బయలుదేరాలి. రాలేకపోతే ముందుగా తెలిపితే ఆ స్థానం మరొకరికి దక్కుతుంది. విరాళం ఇవ్వడం తప్పనిసరి కాదు. పది రోజుల శిబిరం పూర్తిచేసినవారి నుంచే స్వీకరిస్తారు. వదులైన నూలు దుస్తులు, దుప్పటి, టార్చిలైటు, అలారం గడియారం, నిత్యం వాడే మందులు వెంట తెచ్చుకోవాలి. నగలు, విలువైన వస్తువులు ఇంట్లోనే ఉంచడం మేలు.

సాగర్ హైదరాబాద్‌కు సుమారు 150 కిలోమీటర్లు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. పల్నాడు వైపు నుంచి రైలులో వచ్చేవారు మాచర్లలో దిగి రోడ్డు మార్గాన రావచ్చు. హిల్‌కాలనీ నందికొండ మున్సిపాలిటీ పరిధిలో ఉంది. శిబిరం మొదలయ్యే రోజు మధ్యాహ్నానికే చేరుకుంటే నమోదు, గది కేటాయింపు సాయంత్రంలోగా పూర్తవుతాయి.